వాగులో కడిగిన నాచు

జల్లెడలో చివరి చారెడు పొడి మిగిలింది. డీలియా ఎడమచేత్తో జల్లెడ అంచు పట్టుకుని, కుడిచేతి వేళ్లతో మెల్లగా తట్టింది. ముదురాకుపచ్చ పొడి గాజుపళ్లెంలోకి రాలింది. ఎండిన నాచుకి ఒక వాసన ఉంటుంది, ఉప్పుకీ టీపొడికీ మధ్య ఎక్కడో. ముప్పయ్యొక్కేళ్లుగా ఆ వాసన ఆమె కోటుకి, జుట్టుకి, చివరికి బస్సులో ఆమె కూర్చునే సీటుకి కూడా పట్టేసింది. ఆ సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోరు. పెద్దరికానికి మర్యాద ఇస్తున్నారని డీలియా అనుకుంటుంది. వాసనకి భయపడుతున్నారని డ్రైవరు అంటాడు.

పొట్టి మనిషి. భుజాలు వెడల్పు. నెరిసిన జుట్టు మెడ దాకా కత్తిరించి, చెవుల వెనక్కి దోపుకుంటుంది. చేతులు మాత్రం ఆ ఒంటికి రెండు సైజులు పెద్దవి, ఎర్రగా, కణుపులు ఉబ్బి ఉంటాయి. వాళ్ల నాన్న మైక్ చేతులు అవి, తాత టామ్ చేతులు కూడా. ఐర్లండు పడమటి అంచున ఈ కానెమారా తీరంలో ఇంటిపేరు అడిగేది పోస్టుమాస్టరు ఒక్కడే. మిగతా అందరికీ ఆమె డీలియా మైక్ టామ్. మూడు తరాలు నాచు కోసిన చేతులు కాబట్టి ఆ పేరుతో పాటే వచ్చాయనుకోవాలి.

మూడు వారాలుగా ఆమె ఆ చేతుల్ని అవసరానికి మించి చూసుకుంటోంది.

ఆమె చేసే పరీక్ష బ్రహ్మవిద్యేమీ కాదు. యాపిల్ కోసి గాలికి వదిలేస్తే ముక్క గోధుమరంగుకి తిరుగుతుంది, నిమ్మరసం పిండితే తిరగదు. నిమ్మరసం చేసే ఆ కాపలా పనినే యాంటీ ఆక్సిడెంట్ గుణం అని పెద్దపేరు పెట్టి పిలుస్తారు. ఇక్కడి బండల మీద పెరిగే పసుపు నాచులో ఆ గుణం దండిగా ఉంది. రోజుకి రెండుసార్లు సముద్రం వెనక్కి పోయి ఎండలో వదిలేస్తుంటే, ఆ మొక్క తనని తాను కాపాడుకోవడానికి తయారు చేసుకున్న సరుకు అది. ఫ్యాక్టరీ దాన్ని పిండి, ముఖానికి రాసుకునే క్రీములవాళ్లకీ, చేపనూనె పాడవకుండా నిలవ చేసేవాళ్లకీ పంపుతుంది. డీలియా పని ఆ గుణం ఎంతుందో కొలవడం. నాచు కషాయాన్ని పిపెట్ అనే సన్నటి గాజుగొట్టంతో పీల్చి, చుక్క ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా ఒక ఊదారంగు మందులో వదలాలి. అరగంట చీకట్లో ఉంచాలి. నాచు మంచిదైతే ఊదా పోయి పసుపు మిగులుతుంది. నూటికి ఎంత పోయిందో ఇప్పుడైతే యంత్రం అంకె చెబుతుంది. యంత్రం రాక ముందు పన్నెండేళ్లు డీలియా కన్నే చెప్పేది. యంత్రం వచ్చిన కొత్తలో రెండింటికీ పోటీ పెడితే తేడా రెండు అంకెలు దాటలేదు. ఆ సంగతి ఆమె ఎక్కడా చెప్పుకోలేదు. కానీ మర్చిపోనూ లేదు.

క్రీముల కషాయానికి ఒకే ఒక్క చోటి నాచు వాడతారు, కోలీ అనే ముసలాయన కోసే దక్షిణపు బండలది. మిగతావాళ్లందరి నాచూ ఎరువుకీ పశువుల దాణాకీ పోతుంది. ఏ వేసవిలోనూ కోలీ నాచు డెబ్బై అయిదుకి తగ్గింది లేదు. అలాంటిది మూడు వారాల కిందట నలభై రెండు వచ్చింది. డీలియా మళ్లీ చేసింది. నలభై. ఆ మర్నాడు ముప్పై తొమ్మిది. ఆ రోజే టీ కప్పు ఎత్తుతుంటే చూపుడువేలు చిన్నగా అదిరినట్టు అనిపించింది. ఒక్కసారే. ఆ ఒక్కసారే చాలు, ఆమె గుండెలో రాయి పడింది.

వాళ్లమ్మకి అలాగే మొదలైంది. మొదట చూపుడువేలు, తరవాత చెయ్యి, తరవాత గడ్డం. డీలియా అప్పుడు ఇంగ్లండులో, కొవెంట్రీలో ఒక హోటల్లో పడకలు సర్దుతుండేది. ఒక సెలవుకని వచ్చి, అమ్మ గుండీలు పెట్టుకోలేక పొయ్యి ముందు జాకెట్టు విప్పుకుని కూర్చుని ఉండటం చూసింది. మరి తిరిగి వెళ్లలేదు. పదకొండేళ్లు చెంచాతో తినిపించింది. ఆ మధ్యలోనే ఫ్యాక్టరీలో గాజుసామాను కడిగే పనికి చేరింది, పరీక్ష చెయ్యడం చూసి చూసి నేర్చుకుంది. పెళ్లి కుదరలేదని జనం అంటారు. తీరిక కుదరలేదు, అదీ సంగతి. అమ్మ పోయిన రోజు ఏడవాల్సింది పోయి, ఆ చేతులకి ఇన్నాళ్లకి విశ్రాంతి దొరికిందనుకుంది. అలా అనుకున్నందుకు ఇప్పటికీ ఆమెకి సిగ్గే.

తప్పు చేతిదో నాచుదో తేల్చుకోవడం ఎంతసేపు? పక్క అరలోనే విటమిన్ సి సీసా ఉంది. దాని గుణం ఎంతో ముందే తెలుసు. నాచు బదులు అది వేసి చూస్తే గంట తిరక్కుండా తెలిసిపోతుంది. తెలిసిపోతుందనే డీలియా మూడు వారాలుగా ఆ సీసా ముట్టుకోలేదు. డాక్టరు దగ్గరికీ వెళ్లలేదు. ఇవాళ శుక్రవారం, ఆమెకి అరవై ఆరు నిండాయి, సాయంత్రంతో ఉద్యోగం ఆఖరు. ఎవరికీ తెలియకుండా కోటు తగిలించుకుని వెళ్లిపోతే, ఆ తరవాత చేతులు వణికినా ఇంట్లోనే కదా వణికేది.

తలుపు తోసుకుని ఏడీన్ వచ్చింది. పరీక్షశాల పెద్ద ఆమే, వయసు మాత్రం ముప్పై. తీరానికి దూరంగా నడిదేశంలో ఆవుల మధ్య పెరిగిన పిల్ల. సముద్రం గురించి అంతా చదివింది, సముద్రంలో మాత్రం మోకాళ్ల దాకా కూడా దిగలేదు. మంచిది. గబగబా మాట్లాడుతుంది.

"పుట్టినరోజు శుభాకాంక్షలు డీలియా! కేకు మూడింటికి. పారిపోకండి, తలుపుకి తాళం వేయిస్తా."

"నాకెందుకమ్మా కేకులూ గీకులూ."

"మీకు కాదు, మాకు." ఏడీన్ నవ్వి, తరవాత గొంతు తగ్గించింది. "ఇంకో మాట. ఇవాళ కూడా కోలీ నాచు అంకె ఇలాగే వస్తే, సోమవారం నుంచి ఆయన బండలు ఆపేస్తున్నాం. ఉత్తరం వైపు నుంచి యంత్రం పడవతో తెప్పిస్తారట. పైవాళ్లు తేల్చేశారు."

డీలియా చేతిలోని జల్లెడ బల్ల మీద పెట్టింది. "కోలీ ఏం చేశాడని?"

"ఒడ్డుకి కొట్టుకొచ్చిన పాత నాచు కలుపుతున్నాడని నా అనుమానం. పెద్దాయన, ఓపిక తగ్గి ఉంటుంది. మీ చెయ్యి మీద నాకు అనుమానం లేదు కదా! ఇంకేం మిగిలింది చెప్పండి?"

డీలియా లెక్క తప్పింది. తను నోరు మూసుకుంటే పోయేది తన పరువు ఒక్కటే అనుకుంది ఇన్నాళ్లూ. అది కాస్తా కోలీ మెడకి చుట్టుకుంది. డెబ్బై నాలుగేళ్లవాడు, యాభై ఏళ్లుగా ఒకే బండల మీద కోస్తున్నవాడు, దొంగ నాచు కలిపాడన్న పేరుతో ఇంట్లో కూర్చోవాలి.

"నమూనా నేనే వెళ్లి తెస్తాను," అంది. "పదకొండున్నరకి ఆటు. నీళ్లు బాగా వెనక్కి పోతాయి."

"ట్రాక్టరు తెస్తుంది కదా?"

"ఆఖరి రోజు. ఆ మాత్రం గాలి పీల్చుకోనీ."

కోలీ బండల మీద నడుం వంచి ఉన్నాడు. నీళ్లు వెనక్కి పోయి తీరమంతా పసుపురంగు నాచు పరుచుకుని ఉంది, జారుడుగా, ఎండకి మెరుస్తూ. ఆయన ఒక గుత్తి ఎడమచేత్తో పైకి లాగి, బండకి జానెడు ఎత్తున కత్తితో తెగ్గోసి, పక్కన పరిచిన తాడు మీదకి విసురుతున్నాడు. ఆ జానెడూ వదిలితేనే మూడు నాలుగేళ్లకి మళ్లీ ఎదుగుతుంది. కుప్ప తగినంత అయ్యాక తాళ్లు చుట్టి బిగిస్తాడు. పోటు వచ్చినప్పుడు సముద్రమే దాన్ని పైకెత్తుతుంది. అప్పుడది పెద్ద నాచు తెప్ప. పడవకి కట్టి లాక్కెళ్లడమే.

డీలియాని చూసి ఆయన నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమే డీలియా, దారి తప్పావా? పెన్షను రేపట్నించి కదా, ఇవాళ్టి నించే షికార్లా?"

"నోరు మూసుకుని ఆ కత్తి కింద పెట్టు. నీతో మాట్లాడాలి."

"కత్తి కింద పెట్టాలంటే పెద్ద సంగతే. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. సోమవారం నించి నీ నాచు వద్దంటున్నారు. మూడు వారాలుగా అంకెలు పడిపోయాయి. నువ్వు పాత నాచు కలుపుతున్నావనుకుంటున్నారు."

కోలీ మొహం కందిపోయింది. "ఏ వెధవ అన్నాడా మాట?"

"ఎవరన్నా సరే, అది అబద్ధం. తప్పు నీది కాదు." డీలియా రెండు చేతులూ ఆయన ముందు చాపింది. "వీటిది. మా అమ్మకి వచ్చిందే నాకూ వస్తోంది కోలీ. చుక్క సరిగ్గా పడటం లేదు. మూడు వారాల నించి తెలుసు నాకు, చెప్పలేదు. ఇవాళ వెళ్లి ఆ పిల్లకి చెప్పేస్తాను. ముందు నీకు చెప్పాలని వచ్చాను."

కోలీ ఆ చేతుల్ని చూశాడు. డీలియా వాళ్లమ్మ శవపేటిక మోసిన ఆరుగురిలో ఆయన ఒకడు. కత్తిని తిప్పి, పిడి ఆమె వైపు పెట్టి చాపాడు.

"కొయ్యి."

"ఏంటి?"

"కొయ్యమన్నా. మైక్ టామ్ పిల్లవి, మర్చిపోయావా?"

డీలియా వంగింది. గుత్తి పట్టి లాగి, కోసింది. కోలీ మోకాళ్ల మీద కూర్చుని, మిగిలిన మొదలు పక్కన తన అరచెయ్యి చాపి పెట్టి చూశాడు. జానెడు. కోత అడ్డంగా, నున్నగా ఉంది.

"నాకంటే తిన్నగా కోశావే దొంగమొహమా. వణికే చెయ్యా ఇది?"

"కొయ్యడం వేరు, చుక్క కొలవడం వేరు."

"ఏమో మరి, నీ చుక్కల గొడవ నాకు తెలీదు. నా నాచుకి మాత్రం వంక పెట్టడానికి లేదు. మునుపటి కంటే ఇప్పుడే శుభ్రం. ఒక్క నత్త చూపించు, చెవి కోసిస్తా. మూడు వారాల కిందట నాచు దించే గేటు మీద ఆ కాగితం అంటించినప్పటి నించీ కడిగే పంపుతున్నా."

"ఏ కాగితం?"

"అదే, ఇసుకా నత్తలూ లేని శుభ్రమైన నాచే తీసుకుంటాం అని. మీ చదువుకున్న పిల్ల అంటించిందిగా."

డీలియా ఆయన వైపు చూసింది. "కడిగి అంటే? దేంతో కడుగుతున్నావు?"

"వాగుతో." కోలీ గర్వంగా వేలు చూపించాడు. బండల అవతల, కొండ మీది పీట్ నేలల్లోంచి, గడ్డీ ఆకులూ కుళ్లి నల్లబడిన ఆ చిత్తడిలోంచి వచ్చే వాగు సముద్రంలో కలిసే చోట, నిన్నటి తెప్ప మోకుతో కట్టి ఉంది. "ఒక పగలూ ఒక రాత్రీ అందులో వదిలేస్తున్నా. మంచినీళ్లు తగిలేసరికి నత్తలు వాటంతటవే రాలిపోతాయి. మా తాత బంగాళదుంప మళ్లకి వేసే నాచు ఉప్పు పోవాలని అలాగే నానబెట్టేవాడు. ఎంత చాకిరీ అనుకున్నావ్! పడవని వాగులోకి మళ్లించాలంటే ప్రాణం పోతోంది."

డీలియా వాగు వైపు నడిచింది. నీళ్లు టీ రంగులో ఉన్నాయి. ఆ వాగు పుట్టినప్పటి నించీ టీ రంగే. పీట్ నేల మీదుగా వచ్చే నీళ్లు ఇంకో రంగులో ఉండవు. తెప్పలోంచి ఇంకెంత గోధుమరంగు దిగినా ఎవరికి కనబడుతుంది? ఆమె వంగి తెప్పలోంచి ఒక రెమ్మ తెంపింది. వేళ్ల మధ్య రుద్దింది. పైన ఉండాల్సిన జిగురు లేదు. సముద్రపు మొక్కని మంచినీళ్లలో నానబెడితే దాని లోపలి సారమంతా బయటికి దిగిపోతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. పరీక్షశాలలో నాచుని ఎప్పుడూ ఉప్పునీళ్లతోనే కడగాలని ఆమే ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్లకి నేర్పింది.

ఆశ పడటానికి భయం వేసింది. ఆశపడి, అది కాదని తేలితే రెండింతలు కుంగిపోవాలి.

"కోలీ," అంది. "ఆ కోసిందాంట్లో ఒక గుత్తి ఇవ్వు. దీన్లోంచి ఒకటి తీసుకుంటాను. రెండు సంచులు కావాలి."

"ఏం, ఏమైంది?"

"నువ్వు ఒట్టి వెర్రివాడివేమో అనుకుంటున్నా. అదే అయితే నీకు మంచి ముద్దు పెడతాను."

"మేరీమాతా! ఇంతకాలానికా," అన్నాడు కోలీ, సంచులు వెతుకుతూ.

ఎండబెట్టే తీరిక లేదు. పచ్చిదాన్నే సన్నగా తరిగి, రెండింటినీ సమంగా తూచి, కషాయం తీసింది. తరవాత పక్క అర తెరిచి విటమిన్ సి సీసా కూడా బయటికి తీసింది. ఏది ఏమైనా సరే, ఇవాళ అన్నీ తేలిపోవాలి. మూడు గొట్టాలు పెట్టుకుంది. ఊపిరి బిగబట్టి పీల్చింది, వదిలింది. పీల్చింది, వదిలింది. మూడూ తెచ్చి చీకటి అరలో పెట్టి తలుపు వేసింది. ప్రతి దాన్నీ ఇంకో రెండేసి సార్లు చేసి, వాటినీ పక్కన చేర్చింది. ఆమె ఎప్పుడూ మూడేసి చేస్తుంది. ఎవరూ అడగకపోయినా చేస్తుంది.

ఆ అరగంటా ఆమె ఎత్తు బల్ల మీద కూర్చుని జపమాల తిప్పింది. అది ఉత్తినే గడియారం బదులు. మొదటి పది పూసల్లో కోలీ కోసం అడిగింది. రెండో పదిలో చేతుల కోసం అడిగింది. మూడో పదికి వచ్చేసరికి ఏమడగాలో తెలియక, అమ్మకి ఆకలేసినప్పుడు చెంచా పట్టుకునే భాగ్యం ఇచ్చినందుకు థాంక్స్ చెప్పింది. తనకెవరు పడతారన్న మాట పెదవి దాకా వచ్చింది, కానీ అడగలేదు.

అర తెరిచింది. యంత్రం దాకా పోనక్కర్లేకుండానే కన్ను చెప్పేసింది. అయినా యంత్రంలో పెట్టింది.

వాగులో కడిగింది, ముప్పై ఎనిమిది. బండ మీద కోసింది, డెబ్బై ఎనిమిది.

విటమిన్ సి ఎంత ఉండాలో అంత, తొంభై నాలుగు. మళ్లీ తొంభై నాలుగు. మూడోది కూడా తొంభై నాలుగే.

మూడు సార్లు ఒకే అంకె. వణికే చేతికి అది సాధ్యం కాదు. డీలియా ఆ అంకెల ముందు అలాగే నిలబడింది. తరవాత కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏడుపొచ్చింది, ఆ వెనకే నవ్వొచ్చింది. మూడు వారాలుగా గుండెల మీద కూర్చున్నది లేచి వెళ్లిపోయినట్టుంది. వేలు ఆ ఒక్కసారి అదిరింది నిద్రలేకో, చలికో. వేళ్లన్నాక ఎప్పుడో ఒకప్పుడు అదరవూ?

ఏడీన్‌కి చెప్పినప్పుడు ఆ పిల్ల మొహం చూడాల్సింది.

"నా కాగితమా? నా కాగితం వల్లా ఇదంతా?"

"నువ్వు శుభ్రం అన్నావు. అతను శుభ్రం చేశాడు."

"అయ్యో దేవుడా. మనిషిని దొంగన్నాను కదా డీలియా!" ఏడీన్ నెత్తి మీద చేతులు పెట్టుకుంది. తరవాత గభాలున ఫోనందుకుని పైవాళ్లకి చేసింది, ఆ వెంటనే కోలీకి. ఆయన ఏమన్నాడో గానీ, ఏడీన్ ఒక్క ఊపున నవ్వి, "ముద్దు సంగతి నాకు తెలీదు, ఆమెనే అడగండి," అంది. ఫోను పెట్టేశాక డీలియా వైపు తిరిగింది. "మూడు వారాలు ఏమిటో తేలక నేను చస్తున్నాను, మీకు ముందే అనుమానం రాలేదా?"

"వచ్చింది," అంది డీలియా. "వేరే అనుమానం."

"ఏమిటది?"

"పోయిందిలే తల్లీ. కేకు ఏదీ?"

కేకు మూడింటికి కాక నాలుగింటికి కోశారు. డీలియానే కోసింది. పదమూడు ముక్కలు, అన్నీ ఒక్క సైజు. రెండు ముక్కలు కాగితంలో చుట్టుకుంది, ఒకటి తనకి, ఒకటి కోలీకి. ఉపన్యాసం వద్దంది. కోటు వేసుకుంది. ఏడీన్ గట్టిగా కౌగిలించుకుంటే, "ఊరుకో, నాచు వాసన పడుతుంది," అంది. నాలుగున్నర బస్సుకి ఎప్పటిలాగే ఒక నిమిషం ముందు గేటు దాటింది. వెనక్కి తిరిగి చూడలేదు. చెయ్యి మాత్రం ఎత్తి ఊపింది, అదీ డ్రైవరుకి.

తరవాత ఏడీన్ కిటికీలు మూయడానికి పరీక్షశాలలోకి వెళ్లింది. ముప్పయ్యొక్కేళ్లలో ఒక్క గొట్టాన్నైనా కడగకుండా వదిలి ఇంటికి వెళ్లని మనిషి, ఇవాళ ఒక స్టాండు అలాగే వదిలేసింది. అందులో మూడు గొట్టాలున్నాయి. ఒక్కోదాని మీదా పెన్సిలుతో రాసిన చిన్న చీటీ అంటించి ఉంది. మొదటిది ఇంకా ఊదాగానే ఉంది. దాని మీద 'వాగు' అని ఉంది. రెండోది పసుపు. 'బండ'. మూడో గొట్టం దగ్గర ఏడీన్ ఆగింది. విటమిన్ సి అని ఉండాలి అక్కడ. రెండుసార్లు చదివింది. అప్పుడు తెలిసింది, ఆ వేరే అనుమానం ఏమిటో. ఏడీన్ స్టాండుని సింకు దాకా తీసుకెళ్లి, కడగలేక, తిరిగి తెచ్చి కిటికీ దగ్గర పెట్టింది.

సాయంత్రపు ఎండకి మూడో గొట్టం అడుగు దాకా తేటగా, పసుపుగా ఉంది. దాని చీటీ మీద, ఎక్కడా వంకర పోని గుండ్రటి అక్షరాల్లో, 'నా చెయ్యి' అని రాసి ఉంది.